చౌడక్క పీకేసిన కాయలు

చౌడక్కతో మాట్లాడాలంటే ఆమె పనిలోకి దిగకముందే పోవాలి. దిగాక పోతే తల ఎత్తదు. ఎత్తితే చేతిలో ఉన్న మొగ్గ పాడవుతుందని ఆమె భయం. నాకేమో నిలబడి ఎదురుచూసే ఓపిక తక్కువ. అందుకే మా ఇద్దరికీ మొదట్లో అంతగా పొసగలేదు.

నా పేరు హరీష్. హిందూపురంలో కూరగాయల విత్తనాలు చేయించే ఒక కంపెనీలో ఫీల్డ్ సూపర్‌వైజర్‌ని. రొద్దం చుట్టుపక్కల చిన్న రైతుల చేత టమోటా విత్తనం చేయించి, మలావీ అనే ఆఫ్రికా దేశానికి పంపుతాం. అక్కడ కొనేది కూడా అరెకరం, ఎకరం ఉన్నవాళ్ళే. అట్లా మాకు విత్తనం చేసిపెట్టేవాళ్ళలో చౌడక్క ఒకతె. యాభై దాటిన మనిషి. రొద్దం దాటాక రోడ్డు పక్కన అరెకరం చేను, చేనంతా తెల్లటి వల, వల లోపల ఆమె ఒక్కతె.

పని చెప్పడానికి సులువే. రేపు విచ్చుకోబోయే మొగ్గలోంచి ఈ సాయంత్రమే చిమటాతో పసుపు కేసరాలు తీసేయాలి. పొద్దున దానికి వేరే రకం టమోటా పుప్పొడి అద్దాలి. అద్దినట్టు గుర్తుగా పువ్వు వెనక ఉండే పచ్చ రెక్కల్లో రెండింటిని కత్తిరించాలి. కాయ పండే దాకా ఆ గుర్తు పోదు. గుర్తు లేని కాయ అంటే తనంతట తాను పట్టిన కాయ. దాన్ని సెల్ఫ్ కాయ అంటాం. దాని విత్తనం మొలుస్తుంది, మొక్క ఏపుగా పెరుగుతుంది, కానీ మనం చెప్పిన కాయ కాయదు. అందుకని వాటిని పిందెగా ఉన్నప్పుడే పీకి పారేయాలి.

చౌడక్కకు పిల్లలు లేరు. మొగుడు లక్ష్మన్న గుండెనొప్పితో పోయి ఎనిమిదేళ్ళయింది. ఆయన ఉండగా ఒక ఏడు అంగట్లో కొన్న టమోటా విత్తనం వేశారు. చెట్లు నడుం ఎత్తు పెరిగాయి. కాయలు మాత్రం ఒకటి గోలీ అంత, ఒకటి గుమ్మడిపిందె అంత. మండీలో గంపలు దింపుకోకుండానే వెనక్కి పంపారు. లక్ష్మన్న పోయాక ఆమె ఆరేళ్ళు పరాయి చేలల్లో ఇదే క్రాసింగ్ పనికి కూలికి పోయింది. సొంత చేనులో తన పేరు మీద విత్తనం చేయడం ఇదే మొదటిసారి. కంపెనీ రైతుల లిస్టులో తన పేరు చూపించమని నన్ను రెండుసార్లు అడిగింది.

ఇంట్లో మాట్లాడేవాళ్ళు లేరు. నేను పొద్దున్నే పోయి పలకరిస్తే మొదటి మాట ఆమె గొంతులోంచి సరిగ్గా వచ్చేది కాదు. ముందురోజు మధ్యాహ్నం నుంచి ఎవరితోనూ మాట్లాడి ఉండదని నాకు తెలిసిపోయేది. ఆ ఒంటరితనం చూసి నాకు జాలేసేది. ఏం చేయాలో తెలిసేది కాదు.

ఆ తర్వాత దొరికిన తోడల్లా రోజా ఒకతే. రోడ్డు అవతల కాలనీలో ఉంటుంది, ఆదివారం చర్చికి పోయే కుటుంబం. మొగుడు పెనుకొండ దగ్గర ఫ్యాక్టరీకి బస్సులో పోయి పొద్దుపోయాక వస్తాడు. రోజా నాలుగు గంటలకు వచ్చి సాలు చివర కూర్చునేది. పని చేసేది కాదు, మాట్లాడేది. ధర్మవరంలో వాళ్ళమ్మ ఏమంది, మొగుడు దేనికి అలిగాడు, అన్నీ చెప్పేది. చౌడక్క తల ఎత్తకుండానే నవ్వేది. పని అయ్యాక ఇద్దరూ చౌడక్క ఇంట్లో ఒకే తపేలాలోని సంగటి పంచుకుని తినేవాళ్ళు. వీధిలో ఒకరిద్దరు మూతి తిప్పుకున్నారు. చౌడక్క వాళ్ళను పట్టించుకోలేదు.

ఒకరోజు నా ఫోన్లో మలావీ నుంచి వచ్చిన ఫోటో ఒకటి చూపించాను. తలకు గుడ్డ కట్టుకున్న ఒకామె మా విత్తనాల ప్యాకెట్ పట్టుకుని నిలబడి ఉంది.

"ఈ యమ్మకి బోరు ఉండాదా అప్పా?" అని అడిగింది చౌడక్క.

"లేదక్కా. బిందెతో మోసి పోసుకుంటుందంట."

"పాపం," అని, రోజాను పిలిచి ఆమెకూ చూపించింది.

పంట మూడో గుత్తి పూతకు వచ్చినప్పుడు చౌడక్కకు జ్వరం తగిలింది. వారం రోజులు మంచం దిగలేదు. పువ్వు ఎవరి జ్వరం కోసమూ ఆగదు. నేను పోయేసరికి వల లోపల ఎక్కడ చూసినా గుర్తు లేని పిందెలే. ఆ రోజుకు అది నా నాలుగో చేను, ఎండ మండిపోతోంది, నాకు ఒళ్ళు తెలియలేదు. ఆమె ఇంటికి పోయి గుమ్మంలో నిలబడి అరిచాను.

"గుర్తు లేని కాయ ఒక్కటి ఉన్నా ఊరుకోను. అన్నీ పీకిస్తా. ఇట్లైతే నీ పేరు లిస్టులో ఉండదు!"

ఆమె దుప్పట్లోంచి ఏదో అనబోయింది. మంచం పక్కన రోజా గంజి గిన్నె పట్టుకుని కూర్చుని ఉంది. ఒక కూలిమనిషిని కుదిర్చి పంపడం నా పని. అది చేయకుండా అరిచి వచ్చేశాను.

నాలుగు రోజుల తర్వాత పోతే చౌడక్క చేనులో నిలబడి ఉంది. ఒక గుత్తి చేతిలో పట్టుకుని చూస్తోంది. మూడో గుత్తిలో, నాలుగో గుత్తిలో ప్రతి పిందెకూ రెండు రెక్కలు కత్తిరించి ఉన్నాయి. జ్వరానికి ముందు ఆమె చేసినవీ, ఆ తర్వాత తమంతట తాము పట్టినవీ, అన్నీ కలిసిపోయాయి.

"నేనే కోసినా అప్పా, జ్వరం మత్తులో," అంది.

తల ఎత్తలేని మనిషి చేను అంతా తిరిగి కత్తెర ఆడించిందంటే నేను నమ్ముతానా? గుర్తు లేకపోతే పీకిస్తారని విని, చౌడక్క నష్టపోకూడదని, రోజా వచ్చి అన్నింటికీ గుర్తు పెట్టింది. పుప్పొడి సంగతి ఆమెకేం తెలుసు? కత్తిరించడమొక్కటే చూసింది. నా అరుపు వల్ల జరిగిన పని అది. బయటపడితే నా ఉద్యోగానికే ముప్పు.

"ఊరుకో అక్కా," అన్నాను. "పరీక్షకు తీసే శాంపిల్‌లో పడకపోతే ఎవురికీ తెలీదు."

"ఫోటోలో ఉండే ఆ యమ్మకి తెలుస్తాది కదప్పా. చెట్లు పెంచి, నీళ్ళు మోసి, కాయ పట్టినాక తెలుస్తాది. అప్పుడు ఆ యమ్మ ఎవుర్ని అడగల్ల?"

ఆమె వంగి మొదటి సాలులోంచి పిందెలు పీకడం మొదలుపెట్టింది. మంచివీ చెడ్డవీ విడదీసే దారి లేదు కాబట్టి రెండు గుత్తులూ మొత్తం పీకింది. మూడు రోజులు పట్టింది. గట్టు మీద పచ్చికాయలు మోకాలెత్తు కుప్ప పడ్డాయి.

మూడో రోజు సాయంత్రం నేనక్కడే ఉన్నాను. రోజా వచ్చింది. కుప్ప చూసింది. ఒక కాయ తీసి, తాను కత్తిరించిన రెక్కలు చూసింది.

"నేను ముట్టిన కాయలని పారేసినావా అక్కా?"

"అట్ల కాదు రోజా..."

"మీ వీధోళ్ళు చెప్పింటారు. నాతో సంగటి తినేటప్పుడు లేని అంటు, కాయలకొచ్చిందా?"

చౌడక్క నా వైపు చూసింది. విషయం చెప్పాలంటే తప్పు రోజాదని నా ముందు ఒప్పుకోవాలి. అది వద్దనుకునే కదా తన మీద వేసుకుంది. నేనైనా నోరు తెరవాల్సింది. "నీ తప్పు కాదు రోజా, నా అరుపుది" అంటే సరిపోయేది. నాకు ధైర్యం చాలలేదు. బండి తాళాలు చేతిలో తిప్పుకుంటూ నిలబడ్డాను. రోజా వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. రెండు నెలలకు మొగుడి ఫ్యాక్టరీ దగ్గరని పెనుకొండకు మారిపోయారు.

దిగుబడి సగం కూడా రాలేదని చౌడక్క పేరు లిస్టులోంచి తీసేశారు. వచ్చిన కొద్ది విత్తనమూ పరీక్షలో ఏ మచ్చా లేకుండా నిలబడింది. ఈ ఏడు ఆమె మళ్ళీ పరాయి వల కింద కూలికి పోతోంది.

పోయిన వారం మలావీ నుంచి ఇంకో ఫోటో వచ్చింది. అదే ఆమె, ముందు గంప నిండా పోయిన ఏటి మా విత్తనంతో పండిన ఒకే సైజు ఎర్రటి టమోటాలు. నాకు పట్టరాని సంతోషమైంది. బండి వేసుకుని చౌడక్క పని చేస్తున్న చేనుకు పోయాను. ఆమె పని ఆపి, తల ఎత్తి, ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చూసింది.

"బాగుండాయి," అంది. ఫోన్ తిరిగి ఇచ్చింది. "రోజాకి చెప్పినావా అప్పా, ఆ కాయలు ఎందుకు పీకినానో?"

చెప్పలేదు. పెనుకొండ మీదుగా వారానికి రెండుసార్లు పోతాను, అయినా చెప్పలేదు. నేను తల దించుకున్నాను.

"ఈ యమ్మ చల్లగా ఉండనీ," అంది చౌడక్క, చిమటా చేతిలోకి తీసుకుంటూ. "కానీ ఈ యమ్మ వచ్చి నా ఇంట్లో కూచోదు కదప్పా. రోజా కూచునేది."