అన్ని సర్వీసులు కలవు

ఆ రోజుల్ల నాకొక పిచ్చి ఉండె, ఏ పని జేసినా పెద్ద అక్షరాలల్ల రాసి నలుగురికి చూపియ్యాలె. డిగ్రీ అయిపోంగనే వనపర్తి నుంచి గద్వాల పోయే రోడ్డు మీద ఒక వృద్ధుల ఆశ్రమంల మేనేజరుగ చేరిన. (మేనేజరని నేను చెప్పుకునుడే గాని తాళాలు, మందులు, నల్లా కాడి కొట్లాటలు అన్నీ నాయే.) చేరిన వారానికే రోడ్డు మొకాన బోర్డు రాయించిన: 'ఇక్కడ అన్ని సర్వీసులు కలవు.' నా లెక్కల సర్వీసులంటే వేడినీళ్లు, వేళకు మందులు, బీపీ చూసుడు, కాళ్లకు కసరత్తు, టీవీ హాలు. మా దిక్కు సర్వీసంటే బస్సు అనేది, నాగర్‌కర్నూల్ల పుట్టి పెరిగి గూడ, నాకు యాదికే రాలే.

ఆ బోర్డు చూసే గద్వాల పెద్దమ్మ మా దగ్గర చేరింది. మగ్గాల ఇంటి మనిషి, మాట పదును. తెల్లారే సంచి సంకలవెట్టుకొని ఆఫీసుకొచ్చి, "బిడ్డా, గద్వాల సర్వీసు ఎన్నిటికి?" అన్నది.

"ఇక్కడ బస్సు ఆగదు పెద్దమ్మా. సర్వీసులంటే బీపీ చూసుడు గిట్లాంటివి."

"బీపీ సూస్తే గద్వాల కనవడ్తదా?"

నాకు నవ్వొచ్చింది, ఆమెకు రాలే. "నా చెల్లె ఆడ ఒక్కతే ఉన్నది. కండ్లు సరిగ కనవడవు. ఆశ్రమంల వడితె మళ్ల బయటికి పోనియ్యరని దాని భయం. నా అంతట నేను బస్సెక్కి పోయి నిలవడ్తెనే నమ్మి నా ఎంబడి వస్తది."

"ఆటో పిలుస్త, నేనే తోల్కపోత."

"నువ్వు ఎంబడొస్తే ఖైదీని పోలీసు తెచ్చినట్లుంటది. నాకు బస్సే గావాలె."

ఆనాటి నుంచి రోడ్డు పక్క కుర్చీ ఏసుకొని కూసున్నది. బస్సు రాంగనే చెయ్యెత్తుడు, అది దుమ్ము లేపుకుంట పోవుడు. సిగ్గు నాకయితుండె, బోర్డు రాయించింది నేనాయె! డిపోకు పోతే 'చూస్తం అమ్మా' అన్నరు. చూస్తనే ఉన్నరు. నాకు గూడ మొండితనం పట్టింది, ఆ బస్సు ఆగకుంటే నా నౌకరి దండుగ అనుకున్న. ఐతారం పొద్దున అందర్నీ రోడ్డు పక్కకు తీసుకొచ్చి వరుసగ నిలవెట్టిన. చక్రాల కుర్చీల అవ్వలు, చేతికర్రల తాతలు, అత్తరు పూసుకొచ్చిన మా దర్జీ చాచా. డ్రైవరు దూరంనుంచే చూసి పరేషానయి బ్రేకేసిండు.

"ఏం ధర్నా అమ్మా ఇది?"

"ధర్నా గాదు నాయనా, గద్వాల పోవాలె," అన్నది పెద్దమ్మ.

"ఇంతమందా?"

"పోయేది నేనొక్కదాన్నే. వీళ్లు సాగనంపనీకి వచ్చిన్రు."

కండక్టరు పడి పడి నవ్వుకుంట చెయ్యిచ్చి ఎక్కించుకున్నడు. చాచా అయితే హజ్‌కు పంపినట్లు "ఖుదా హాఫిజ్, బహెన్" అని కండ్లు తుడుచుకున్నడు.

సాయంత్రం దాక పెద్దమ్మ కుర్చీల నేనే కూసున్న. ఒక్కదాన్నే పంపితినే అని ఒకటే గుబులు. తిరుగు బస్సు తనంతట తనే ఆగింది. ముందు ఒక మూట దిగింది, ఎనక పెద్దమ్మ, ఆమె చెయ్యి పట్టుకొని ఒక బక్కమనిషి. "సూడే చెల్లె, నా అంతట నేనే వొచ్చి తోల్కొస్తినా లేదా?" అన్నది పెద్దమ్మ. నేను అందరి ముందు ఏడ్చేసిన.

మళ్లా ఐతారం బస్సు ఆగి కండక్టరు "గద్వాల, గద్వాల" అని పిలిస్తే, అక్కచెల్లెండ్లు ఒకరికొకరు తల దువ్వుకుంట, "పో నాయనా, గద్వాల్ల మాకేం పని?" అన్నరు! కండక్టరు నా మొకం చూసిండు. ఇంత కష్టపడి ఆపిన బస్సు మళ్ల ఆగకుంట పోతదేమోనని నేనే ఎక్కిన. గద్వాల్ల దిగి, చాయ తాగి, వచ్చిన బస్సుకే తిరిగొచ్చిన. ఇప్పుడు ఈ వయసులైతే నా ముందల్నుంచి బస్సు వెళ్లిపోయినా 'పోనీలే' అనుకుంట. ఏ పనీ లేకుంట అంత ఖుషీగ గద్వాల పోయొచ్చిన ఆనాటి పిల్ల, అంటే నేనే, యాదికొస్తే జర నవ్వొస్తది, జర కుళ్లు గూడ అయితది.