బొందలగడ్డను ఖాళీ అన్నవాణ్ణి నేనే

మొన్న బుధవారం పొద్దున, రాజోలి నుంచి మా ఊరికి వచ్చే దారి పక్కన జేసీబీ మోత విని చెప్పులైనా వేసుకోకుండా వెళ్లి చూస్తే, మా తాతముత్తాతలు, మా అమ్మ మట్టిలో పడుకున్న బొందలగడ్డ సగానికి సగం చదునైపోయి ఉంది. గోదాము కడతారట. మా అమ్మ తలదిక్కున పెట్టిన బండ ఏమైందని అడిగితే, కాగితాలు పట్టుకొని నిలబడ్డ ఆఫీసరు తాపీగా, "రికార్డుల ఖాళీ జాగ అనే ఉంది పెద్దాయనా" అన్నాడు. ఒళ్లు మండి నాలుగు మాటలు గట్టిగానే అన్నాను గాని, ఆ మాట ఆ కాగితంలోకి ఎట్లా ఎక్కిందో తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో బొందలగడ్డను ఎవరూ "మాది" అనేవారు కాదు. అంటే ఆ నేల మనల్ని తొందరగా పిలుచుకుంటుందని భయం. నేను బడి మొహం చూడనివాణ్ణి, కిరాణా పొట్లాల కాగితాలూ బస్సుల మీది ఊళ్ల పేర్లూ కూడబలుక్కుంటూ చదువు నేర్చుకున్నవాణ్ణి. అందుకే సర్వేయరు గొలుసుతో వచ్చిన రోజున, చదువొచ్చినోడివి నువ్వే ఉండమని మా చిన్నాయన నన్ను ముందుకు తోశాడు. ఇదెవరిదని సర్వేయరు అడిగాడు. అమ్మను అక్కడ పూడ్చి అప్పటికి ఏడాది కూడా కాలేదు. అయినా నోటిదాకా వచ్చిన మాట మింగేసి, "ఎవరిది కాదు సారూ, ఖాళీ జాగ" అన్నాను.

పక్కనున్న ఖబరస్తాన్ చూసుకునే సాయెబు తాత ఊరుకోలేదు. "అరే, గట్లెందుకు చెప్తవ్‌రా, మీ అమ్మ ఈడనే ఉన్నది గద, జర రాయించు" అని గదమాయించాడు. మా చిన్నాయన, "నీకేంది సాయెబూ, గోరీల నడుమ కూసోని సద్ది తింటవు, మాకింక బతకాలనుంది" అనేసరికి అందరం నవ్వాం. సర్వేయరు రాసిన "ఖాళీ" అన్న మాటను ఎదురుగా నిలబడి తలకిందులుగా చదివి, చదవగలిగినందుకు మురిసిపోయాను కూడా. సాయెబు తాత తమవాళ్లది పట్టుబట్టి రాయించుకున్నాడు. దాని గోడ ఇవాళ్టికీ చెక్కుచెదరలేదు.

నా అరుపులు అయ్యాక జేసీబీ డ్రైవరు దిగివచ్చి, "మీ అమ్మది ఏ బండనో చూపియ్యి తాతా, పక్కకు పెడ్త" అన్నాడు. రాళ్లన్నీ ఒకే కుప్ప. ఒక్కదాని మీదా అక్షరం లేదు. మాకు అక్షరంతో పనే ఉండేది కాదు. అవ్వ పక్కన అమ్మ, అమ్మకు అవతల మేనత్త, అట్లా వరసను బట్టే పసివాళ్లు కూడా ఎవరిది ఏదో చెప్పేవారు. వరస చెదిరితే ఆ ఎరుక కూడా పోతుందన్న సంగతి మాకెవ్వరికీ తట్టలేదు. ఒక్కొక్క బండనే తడిమి చూశాను, అన్నీ ఒక్క తీరే ఉన్నాయి. ఇప్పుడు మా ఊళ్లో పశువుల కొట్టానికి కూడా కాగితం ఉంది. మా అమ్మ ఎవరి పక్కన పడుకుందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను, ఆ చోటేదో నాకూ తెలియడం లేదు.