ప్రభావతిగారి ఓడలాట

ప్రభావతికి మనుషులంటే చులకన అని బందరు కాలేజీలో అందరూ అనేవారు. ఆవిడ కాదనేది కాదు. ముదినేపల్లి బడిపంతులు జకరయ్యగారి కూతురు. ఎకనామిక్స్ ఎమ్మే చదివి, 1961లో బీకాం విద్యార్థులకు రేవుల నిర్వహణ చెప్పడానికి ఉద్యోగంలో చేరింది. అంతకుముందు ఆ పాఠం చెప్పిన పెద్దమనిషి తన పాత నోట్సే ఏటా చదివి వినిపించేవాడు. పిల్లలు దాన్నే బట్టీపట్టి పరీక్షలో కక్కేవాళ్లు. ఊళ్లోనే రేవుంది. ఒక్కడూ వెళ్లి చూసిన పాపాన పోలేదు.

"వీళ్ల చేతికి రేవులు అప్పజెప్తారట!" అని పెదవి విరిచి, ఆవిడ సెలవుల్లో అట్ట మీద ఒక ఆట గీసింది. ఒడ్డుకు దూరంగా లంగరేసిన ఓడలు, సరుకు దింపి తెచ్చే పడవలు, కాలువ, గోడౌన్లు. చింతగింజలే బస్తాలు. గవ్వలు పడ్డదాన్ని బట్టి గాలీ, పోటూ. ఆడేది నలుగురు: రేవు అధికారి, పడవల యజమాని, గోడౌను మేనేజరు, కస్టమ్సు అధికారి. సరుకు దిగడం ఆలస్యమైతే ఓడ కాకినాడకు వెళ్లిపోతుంది. అలా రెండు ఓడలు పోతే నలుగురూ ఓడినట్టే.

మొదట్లో ఎవడి లాభం వాడు చూసుకున్నాడు. దైవాధీనం అనే కుర్రాడు పడవలన్నీ ఒక్క ఓడకే కట్టి, "నా పడవలు, నా ఇష్టం మేడమ్" అన్నాడు.

"నీ ఇష్టమే నాయనా. ఖాళీ రేవులో ఊరేగు," అందావిడ.

మిగతావాటిలో రెండు ఓడలు వెళ్లిపోయాయి. మిగిలిన ముగ్గురూ వాణ్ణి పీక్కుతిన్నారు. దసరా నాటికి వాళ్లే పోటు తగ్గకముందు ఏ సరుకు దించాలా అని వరండాలో వాదించుకుంటున్నారు. ప్రభావతికి లోలోపల సంతోషమే. పైకి మాత్రం, "ఇప్పటికి కళ్లు తెరిచారు," అంది.

ప్రిన్సిపాలు శోభనాద్రిగారికి మొదట్నుంచీ ఇది గిట్టదు. "కాలేజీలో గవ్వలాటేంటమ్మా?" అనేవారు. అయితే యూనివర్సిటీ నుంచి తనిఖీకి వచ్చిన రామబ్రహ్మంగారు అట్ట చూసి ముచ్చటపడి, తానూ ఆడతానన్నారు. ఆయన రేవు అధికారి, శోభనాద్రిగారు పడవల యజమాని, ఆయన వెంట వచ్చిన ఇద్దరు గోడౌను మేనేజరు, కస్టమ్సు అధికారి.

రామబ్రహ్మంగారు తనకు నచ్చిన ఓడకే కాలువ వదిలారు. శోభనాద్రిగారు "తమరి చిత్తం" అంటూ పడవలన్నీ దానికే పంపారు. గోడౌను నిండిపోయిందని ఒకాయన మొత్తుకుంటున్నా వినేవాళ్లు లేరు. చూస్తుండగానే మిగతావాటిలో రెండు ఓడలు కాకినాడ దారి పట్టాయి.

"ఎవరు గెలిచారమ్మా?" అన్నారు రామబ్రహ్మంగారు.

"ఎవరూ గెలవలేదండీ."

శోభనాద్రిగారు ఆవిణ్ణి పక్కకు పిలిచారు. "వారే గెలిచారని ఒక్క మాట అను తల్లీ. నీ ఆటకు యూనివర్సిటీ ఒప్పుకుంటుంది. అన్ని కాలేజీల్లోనూ పెడతారు."

ఆవిడ మనసు ఒక్క క్షణం ఊగింది. యూనివర్సిటీ ఒప్పుకోవడం కోసమే కదా ఏడాదంతా కష్టపడింది! వెనక్కి తిరిగి చూస్తే, రామబ్రహ్మంగారు ఎవరూ చూడట్లేదనుకుని, వెళ్లిపోయిన ఓడను చిటికెనవేలితో మళ్లీ రేవు దగ్గరకు నెడుతున్నారు. చుట్టూ నిలబడ్డ పిల్లలంతా చూస్తూనే ఉన్నారు.



"దాన్నక్కడే ఉంచండి సార్. అది వెళ్లిపోయింది," అంది.

దైవాధీనం నవ్వాపుకోలేకపోయాడు. వాడితో పాటు క్లాసంతా ఘొల్లుమంది.

అది జూదమని యూనివర్సిటీ నుంచి రిపోర్టు వచ్చింది. ఆట ఆగిపోయింది. ఏడాది చివర ఆవిడ ఉద్యోగమూ పోయింది. ఇంటికొస్తే జకరయ్యగారు, "ఒక్క మాట అనేస్తే పోయేది కదే!" అన్నారు.

"అనేదాన్నే నాన్నా. తర్వాత ఆ పిల్లలకు ఏ మొహం పెట్టుకుని పాఠం చెప్పను?"

 వానాకాలంలో ఆవిడకు గుడివాడలో ఒక కాలేజీలో పని దొరికింది. కొత్త అట్ట గీస్తుంటే తండ్రి పక్కన కూర్చుని కొయ్యతో చిన్న చిన్న పడవలు చెక్కసాగారు.

"నిజంగా వేలితో నెట్టాడా, అంత పెద్దమనిషి?" అన్నారు చెక్కుతూ.

"నెట్టాడు నాన్నా. దొంగపిల్లిలా."

జకరయ్యగారు పగలబడి నవ్వి, ఇంకో కొయ్యముక్క అందుకున్నారు.