హార్మోనియం మీద విరిగిన మెట్టు

మాచ్‌ఖండ్ కాలనీలో మా సంగీత క్లబ్బుకి పెద్ద పేరు. ఇప్పటికీ ప్రతి శనివారం సాయంత్రం కచేరీ ఉంటుంది. నాకు శ్రుతీ తెలియదు, తాళమూ తెలియదు. అయినా ఆ క్లబ్బు చరిత్రలో నా పేరుండాలన్న యావతో కార్యదర్శినయ్యాను.

కిందటేడు వార్షికోత్సవంలో చరిత్ర చెప్పే పని కూడా నేనే మీదేసుకున్నాను. పాత హార్మోనియం వేదిక మీద పెట్టించి, "క్లబ్బు పెట్టిన పెద్దాయన మొదటి కచేరీలో ఒళ్లు మరిచి వాయిస్తుంటే విరిగిన మెట్టు ఇదే" అన్నాను. ఈ కథ నాకు మా నాన్న చెప్పారు. ముఖ్య అతిథి లేచొచ్చి ఆ మెట్టు తాకి కళ్లకద్దుకున్నారు.

ముందు వరసలో, క్లబ్బు పెట్టిన రోజునుంచీ తబలా వాయించిన తాతగారు చెయ్యెత్తారు. చరిత్రకి సాక్షి దొరికాడని సంబరపడి, మైకు ఆయన నోటి దగ్గర పెట్టాను.

"ఏటి బాబూ, అలాగ సెప్తన్నావు? నీకు నాలుగేళ్లప్పుడు నువ్వే దానిమీదెక్కి గెంతేవు. క్లబ్బోళ్లు తిడతారని ఆ కత మీ నాన్న అల్లేడు."

ఇప్పుడా హార్మోనియం క్లబ్బు అద్దాల బీరువాలో ఉంది. పక్కన చీటీ మీద నా పేరు ఇంటిపేరుతో సహా రాశారు. కళ్లకద్దుకునేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.