తాగనివాడి దసరా రాత్రులు

దసరా ఇంకా వారం ఉందనగా మా చిన్నల్లుడు ఫోను చూసుకుంటూ తనలో తాను నవ్వుకుంటుంటే ఏమిటని అడిగాను. హన్మకొండలో అతను పనిచేసే ఆఫీసు వాళ్లు పండుగకు అందరినీ హోటల్‌కు భోజనానికి పిలిచారట. తాగేవాళ్లెవరూ బండి ముట్టుకోకూడదని, కార్లు తామే మాట్లాడతామని, తాగనివాళ్లు ముందే పేరు చెబితే మిగతావాళ్లను ఇళ్లకు పంపే బాధ్యత వాళ్లకు అప్పగిస్తామని ఫోనులో మెసేజ్ పెట్టారట. ఆ బాధ్యతకు తనను అడగకుండానే మొదటి పేరు తనదే వేసేశారని అతని నవ్వు. నేనూ నవ్వాను. కానీ ఆ పూట కంచం ముందు నుంచి సగంలోనే లేచాను. ఏమైందని కూతురు అడిగితే ఆకలి లేదన్నాను. మా ఇంటావిడ ఉండి ఉంటే ఆకలి సంగతి కాదని కనిపెట్టేది. ఆమె పోయాక ఇట్లాంటివి నాలోనే ఉండిపోతున్నాయి, అందుకే మీతో చెప్పుకుంటున్నాను.

నేను పరకాల దగ్గరి పల్లెటూరి నుంచి వచ్చి కాజీపేటలో రైల్వే షెడ్డు పనిలో చేరినప్పుడు నాకు మీసాలు కూడా సరిగా రాలేదు. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, పేరు చూసి అందరూ నన్ను భాయ్ అనే పిలిచేవారు. కొన్నాళ్లకు అసలు పేరు జీతం ఇచ్చే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. నన్ను చేరదీసి పని నేర్పింది నాకంటే పదేళ్లు పెద్దవాడైన ఒక ఫిట్టరు. ఆయన్ని అన్నా అనేవాణ్ని. మనిషి పొడగరి, గొంతు పెద్దది, ఇంజను కింద దూరి పనిచేస్తూ కూడా ఎవరి మీదో ఒకరి మీద హాస్యాలాడుతూ ఉండేవాడు. ఫాతిమానగర్ నుంచి వచ్చే క్రైస్తవుడొకడు మాతో ఉండేవాడు. వయసుతో పని లేకుండా అందరినీ బావా అని పిలిచేవాడు కనుక అతను అందరికీ బావే అయ్యాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కలిస్తే అదే మా గుంపు.

పండుగ వస్తే ఈ గుంపుకు రెక్కలు వచ్చేవి. దసరా నాడు సాయంత్రం జమ్మి ఆకు చేతుల్లో పెట్టుకుని, ఒకరినొకరు కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకున్నాక, ఇళ్లల్లో మటన్ కూర తిని, పట్టాలకు ఇవతల బావ వాళ్ల మామ చూసే మామిడితోటలో చేరేవాళ్లం. క్రిస్మస్‌కు బావ పిలిచేవాడు. రంజాన్ నాడు మాత్రం అందరూ ఉతికిన చొక్కాలు వేసుకుని మా ఇంటికి వచ్చి, సేమ్యా పాయసం తాగి, బుద్ధిమంతుల్లా కూచుని పోయేవారు. తోటలో వాళ్లు సీసాలు తెరిస్తే నేను సోడా తెరిచేవాణ్ని. తాగమని నన్ను ఎవరూ ఎన్నడూ బలవంతం చేయలేదు, ఆ మర్యాద వాళ్లది. పోను పోను ఎవరూ చెప్పకుండానే ఒక పని నాది అయిపోయింది: వీళ్లను ఇళ్లకు చేర్చడం.

మన వయసు వాళ్లకు తెలుసు, అప్పట్లో తాగి బండి నడపొద్దని చెప్పే పోలీసూ లేడు, ఊదమనే యంత్రమూ లేదు. ఉన్న ఒకటి రెండు స్కూటర్ల తాళంచెవులు ముందుగానే తీసుకుని నా టిఫిన్ సంచిలో వేసుకునేవాణ్ని. ఖాళీ కడుపుతో గ్లాసు పట్టుకోనిచ్చేవాణ్ని కాదు. తోటలో దిగుడుబావి ఉండేది, వెన్నెల రాగానే ఈత కొడతామని లేచేవాళ్లు, బావి గట్టు దగ్గర నేనే కూచునేవాణ్ని. పడిపోయినవాణ్ని వెల్లకిలా వదలకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టాలని, పాన్ డబ్బా దగ్గర ఇంకో గుంపు కనబడితే మనవాళ్లను అటు పోనీయకుండా మాటల్లో పెట్టాలని, చివరికి ఎవరినీ ఒంటరిగా పంపకూడదని, చూసి చూసి నేర్చుకున్నవే ఇవన్నీ. మా అన్న భార్యను నేను వదినా అనేవాణ్ని. ఆమె పండుగ పూట వాకిట్లో నిలబడి ప్రతిసారీ ఒకటే మాట అనేది.

“తమ్మీ, మీ అన్నను జర పైలంగ తోల్కరా. నువ్వున్నవంటెనే నాకు నిద్ర వడ్తది.”

ఆ మాటకు నేను పొంగిపోయేవాణ్ని, అబద్ధం ఎందుకు. కానీ అందులో ఒక ఒంటరితనం ఉండేదని అప్పుడు ఎవరితోనూ అనలేదు. రెండో గ్లాసు దాకా వాళ్లూ నేనూ ఒకటే. ఆ తర్వాత వాళ్ల నవ్వు ఒక గట్టు దాటి అవతలికి పోయేది, నేను ఇవతలే ఉండిపోయేవాణ్ని. దేనికి నవ్వుతున్నారో తెలిసేది కాదు, అయినా నవ్వేవాణ్ని. అందరినీ దించి చివరికి అన్నను పట్టాల అవతల రైల్వే క్వార్టర్‌లో వదిలి, నడక వంతెన మీదుగా ఇవతల ఉన్న మా గల్లీకి ఒక్కణ్ని తిరిగి వచ్చేటప్పుడు, కింద ఆగిన గూడ్సు బండ్లను చూస్తూ, ఇంతమంది మధ్య నుంచి వస్తున్నాను కదా, మరి ఈ గుబులు ఏమిటని నన్ను నేనే అడుక్కునేవాణ్ని.

ఒక దసరా నాడు తోటలో బావ హాస్యానికి ఒక మాట అన్నాడు.

“భాయ్ చెయ్యి వట్టుకోకుంటె అన్న ఇల్లు చేరడు.”

అందరూ నవ్వారు. అన్న నవ్వలేదు. ఆ నవ్వకపోవడం నాకొక్కడికే కనిపించి ఉంటుంది, ఎందుకంటే మిగతావాళ్లు చూసే స్థితిలో లేరు. లేచి బయల్దేరినప్పుడు ఆయన నా చెయ్యి విదిలించుకుని, వంతెన మెట్లు వదిలేసి, నేరుగా పట్టాల మీదికి దిగాడు. పగలు మేమందరం అట్లా దాటేవాళ్లమే. వెనక నుంచి పిలుస్తూ నేను పరుగెత్తాను, బావా వాళ్లూ కొంత దూరంలో తూలుతూ వస్తున్నారు. ఆగి ఉన్న గూడ్సు చివరి డబ్బా పక్క నుంచి అవతలి లైను మీదికి వెళ్లి, కాలు తట్టుకుని, అక్కడే పట్టా మీద కూచున్నాడు అన్న. లేవమంటే లేవడు. తాను ఒక్కడే పోగలనని, నన్ను వెనక్కి పొమ్మని అరుస్తాడు. అప్పుడు మలుపులో లైటు కనబడింది. డబ్బాలు లేని ఒంటి ఇంజను, చప్పుడు తక్కువ, దగ్గరికి వచ్చేదాకా తెలియదు.

రెండు చేతులూ పట్టి లాగాను. ఆయన బరువు నాకు రెండింతలు. తోసేశాడు, కంకర మీద పడ్డాను. లేచి మళ్లీ లాగాను, కదలలేదు. ఏం ఆలోచించానో చెప్పలేను, ఆలోచించే సమయం లేదు. చెంప మీద ఒళ్లంతా బలం తెచ్చుకుని కొట్టాను. అన్న ఒక్కసారి నా ముఖంలోకి చూసి, కోపంతో ఊగిపోతూ నన్ను కొట్టడానికి లేచాడు. నేను వెనక్కి వెనక్కి జరిగాను, ఆయన నా మీదికి వచ్చాడు. ఆయన వీపు వెనక నుంచి ఇంజను కూత వేసుకుంటూ వెళ్లిపోయింది. ఆ గాలికి ఇద్దరం పక్కకు ఒరిగాం. ఆయన నా చొక్కా పట్టుకుని నిలబడి, వదిలేసి, ఇంటివైపు నడిచాడు. నేను దూరంగా వెంట నడిచి, వదిన తలుపు తీసేదాకా చూసి వచ్చాను.

ఆ దెబ్బకు నేను ఎన్నడూ పశ్చాత్తాపపడలేదు. మళ్లీ అదే పరిస్థితి వస్తే మళ్లీ అదే చేస్తాను. నన్ను తిన్నది ఆ తర్వాత వచ్చిన మౌనం. మరునాటి నుంచి అన్న నాతో మాట మానేశాడు. స్పానరు కావాలంటే పక్కవాడితో అడిగించేవాడు. బావ ఆయన్ని పక్కకు పిలిచి, ఇంజను సంగతి, నేను కొట్టకపోతే ఏమయ్యేదో, అంతా చెప్పాడట. అన్న విని, అవునా అని, బీడీ ముట్టించుకున్నాడట, అంతే.

తోటకు రానివాళ్లకు కథలో సగమే చేరింది. పండుగ పూట ఒక తురకోడు మనవాణ్ని చెంప మీద కొట్టాడని షెడ్డులో కొత్తగా చేరిన ఒకరిద్దరు గుసగుసలు మొదలుపెట్టారు. ఆ మాటలు నా చెవినా పడ్డాయి. ఇన్నేళ్లలో నేను ఎవరినన్న ప్రశ్న నాకు అక్కడ ఎదురుకాలేదు. ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో వాళ్లు అన్న ముందే ఆ ముచ్చట తెచ్చారు. నేను ఇంకో బల్ల దగ్గర తల వంచుకుని తింటున్నాను. అన్న గ్లాసు కింద పెట్టాడు.

“అది నాకూ భాయ్‌కూ నడుమ ముచ్చట. నడుమల మీరెవరు?”

గొంతు పెంచకుండానే అన్నాడు. ఆ గుసగుస ఆ రోజుతో ఆగిపోయింది. నేను ఆశగా తలెత్తి చూశాను, ఆయన నా వైపు చూడకుండా చెయ్యి కడుక్కోవడానికి లేచాడు.

మరుసటి దసరాకు అన్న తోటకు రాలేదు. ఇంట్లోనే తలుపేసుకుని ఒక్కడే తాగుతున్నాడని ఎవరో అన్నారు. నన్ను పిలవడానికి మిగతావాళ్లకూ మొహమాటం పట్టుకుంది. పిలిస్తే అన్న నొచ్చుకుంటాడేమో, పిలవకపోతే నేను నొచ్చుకుంటానేమోనని తటపటాయించి, ఆఖరికి గుంపే మానేశారు. బావకు సికింద్రాబాద్ బదిలీ అయింది. ఒకే షెడ్డు కప్పు కింద నేనూ అన్నా ఏళ్లకేళ్లు అట్లాగే గడిపాం. వదిన మాత్రం బజార్లో ఎదురుపడితే ఆగి, పిల్లల్ని అడిగి, ఇంకేదో చెప్పబోయి, సంచి సర్దుకుని వెళ్లిపోయేది. దసరా సాయంత్రాలు నేను మా గల్లీ అరుగు మీద కూచునేవాణ్ని. దూరం నుంచి డప్పు వినబడేది. ఎవరినీ ఎక్కడికీ చేర్చే పని లేక చేతులు ఊరికే ఒళ్లో ఉండేవి.

అన్న రిటైరైన రోజు సాయంత్రం షెడ్డు వాళ్లు ఆయనకు విందు చేశారు. పోవాలా వద్దా అని చాలాసేపు తేల్చుకోలేక, చివరికి వెళ్లి వెనక కుర్చీలో కూచున్నాను. దండలు వేశారు, పొగిడారు, సీసాలు తెరిచారు. అన్న గ్లాసు ముట్టలేదు. అందరూ తమ తమ కబుర్లలో పడ్డాక ఆయన దండలు తీసి కుర్చీకి తగిలించి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఇన్నేళ్ల తర్వాత ఆ గొంతు నాతో మాట్లాడటం నాకు కొత్తగా వినబడింది.

“పా భాయ్, ఇంటి దాక తోడు రా.”

వంతెన మెట్లు మెల్లగా ఎక్కాం. ఆయనకు మోకాళ్ల నొప్పులు, నాకు ఆయాసం. సగం వంతెన దాటాక కమ్మీ పట్టుకుని ఆగి, కింది పట్టాల వైపు చూస్తూ చెప్పాడు.

“ఆ దినం లైటు నాకు కనవడ్డది భాయ్. లేద్దామనుకున్న. కాళ్లు లేవలే. తాగిందంత దిగిపోయింది, ఒట్టి భయమే మిగిలింది. నువ్వు కొట్టినంకనే లేసిన.”

ఆయనకు ఏదీ గుర్తు లేదనీ, దెబ్బ ఒక్కటే గుర్తుందనీ ఇన్నేళ్లు అనుకున్నాను.

“మరి ఒక్క మాట జెప్పకపోతివి అన్నా,” అన్నాను.

“నీ మొకం సూస్తె ఆ లైటే యాదికొచ్చేది. ఏం మాట్లాడాల్నో సమజ్ కాలే. దినాలు గడిచినకొద్దీ ఇంక కష్టమైంది.”

క్వార్టర్ దగ్గరికి వచ్చాక వదిన మా ఇద్దర్నీ కలిపి చూసి, గుమ్మంలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడిపోయింది. అన్న లోపలికి పోలేదు. నేను ఒక్కణ్నే వెనక్కి పోవాలి కదా అని, ఈసారి తానే నన్ను దింపుతానని, ఆ నొప్పుల కాళ్లతో మళ్లీ వంతెన ఎక్కి మా గల్లీ దాకా వచ్చాడు. దారంతా మాట్లాడుకున్నాం. పిల్లల చదువులు, పాత ఇంజన్లు, పోయినవాళ్లు, అన్నీ. అంత ముచ్చట ఇద్దరిలోనూ ఎక్కడ దాగి ఉందో.

ఆ నెలలోనే వాళ్లు పాలకుర్తి దగ్గర సొంతూరికి వెళ్లిపోయారు. పండుగలకు ఫోను చేసుకునేవాళ్లం. ఫోనులో బాగున్నావా అంటే బాగున్నా అనడమే తప్ప ఆ వంతెన మీది మాటల్లాంటివి రావు. తర్వాత ఒక ఎండాకాలం అన్న పోయాడని వదిన కబురు పంపింది. బావ అంతకు ముందే పోయాడు. మిగిలినవాళ్లు ఎక్కడున్నారో తెలియదు.

ఇప్పుడు పట్టాల పక్కన గోడ కట్టారు, ఎవరూ అడ్డంగా దాటలేరు. మంచిదే. పిల్లలు తాగినా తాగకపోయినా కార్లో వచ్చి గేటు ముందు దిగుతున్నారు, అదీ మంచిదే. ఏ ఇంట్లోనూ ఏ ఆడమనిషీ వాకిట్లో నిలబడి ఎదురుచూడకూడదనే నేనూ కోరుకుంటాను. కాకపోతే కారులో ఎంతసేపు పడుతుంది? అద్దాలు ఎత్తుకుని, ఎవరి ఫోను వాళ్లు చూసుకునేసరికి ఇల్లు వచ్చేస్తుంది. మాకు నడవాల్సినంత దూరం ఉండేది. ఆ దూరంలో మనిషి, ఇంట్లో చెప్పుకోలేనిదీ పనిలో చెప్పుకోలేనిదీ, మెల్లగా బయటపెట్టేవాడు. ఇంత జాగ్రత్తలో ఆ దూరం ఎప్పుడు పోయిందో ఎవరూ గమనించలేదు.

ఈ దసరా సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు చెప్పులు వేసుకుని వంతెన దాకా నడిచి వచ్చాను. దారి పొడుగునా నాలో ఏవేవో మాటలు కదులుతూనే ఉన్నాయి, కానీ పక్కన మనిషి లేడు.