సారెలో సోయి గింజలు

మొన్న మా మనవరాలి బిడ్డను చూడ్డానికి గుడివాడ నుంచి మా ఆడపడుచు తగుదునమ్మా అని దిగింది. సంచిలోంచి తళతళలాడే ప్యాకెట్టు తీసి, ‘డిల్ సీడ్స్ అటమ్మా, పసిపిల్లల కడుపుబ్బరానికి మంచివట, మీ దివిసీమ వాళ్ళకి ఇలాంటివి తెలియవుగా’ అంది. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. అవి సోయి గింజలు.

మా ఈడు వాళ్ళకు చెప్పక్కర్లేదు, తొలికాన్పయ్యాక తల్లి సారెతో కూతుర్నీ బిడ్డనూ అత్తవారింట దింపేది, వీధిలో ఆడవాళ్ళంతా వచ్చి ఆ సారె చూసేవారు. బందరులో మా అత్తవారింట మా అమ్మ పరిచిన సారెలో, మిఠాయిల పక్కన, దివిసీమలో మా పుట్టింటి పెరట్లో పండిన సోయి గింజల మూట ఉంది. వైద్యులు శతపుష్ప అనేది దాన్నే. సోయి, సోంపు, వాము, జీలకర్ర, కొత్తిమీర అన్నీ గొడుగు విప్పినట్టు పూసే ఒక్క కుటుంబం మొక్కలు, అక్కచెల్లెళ్ళలా పోలికలుంటాయి. సోంపు గింజ నిండుగా తియ్యగా ఉంటుంది, సోయి బల్లపరుపుగా, నమిలితే ఘాటుగా ఉంటుంది.

ఆ తేడా తెలియని ఈ ఆడపడుచే అప్పుడు అందరి ముందూ మూట విప్పి, ‘ఇదేం సోంపండీ అత్తయ్యగారూ, తాలు గింజలు తెచ్చారు’ అంది. ‘సోంపు కాదమ్మాయ్, సోయి, పిల్ల కడుపుకి’ అని అమ్మ చెబుతూనే ఉంది, ఆవిడ పెరట్లోకి వెళ్ళి పారబోసి వచ్చింది. అమ్మకు తల కొట్టేసినట్టయింది. అన్నానికి కూర్చోకుండా మధ్యాహ్నం బస్సెక్కింది, బతికున్నన్నాళ్ళూ మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

చలికాలానికి ఆ గింజలు దారాల్లాంటి ఆకులతో గుబురుగా లేచాయి. ఆవిడే కోసి పెసరపప్పులో వేసి, ఎంత కమ్మగా ఉందో అని రెండోసారి వడ్డించుకుంది. ‘మా అమ్మ తాలు గింజలేనండీ వదినగారూ’ అన్నాను. మర్నాటికి ఒక్క మొక్క మిగల్చలేదు, వేళ్ళతో సహా పీకేసింది.

ఇప్పుడు ఆవిడకవేవీ గుర్తు లేవు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అమ్మ గుడ్డలో కట్టి తెస్తే తాలు, కొట్టువాడు పేరు అచ్చేసి ఇస్తే మందు.

ఆవిడ వెళ్ళగానే, తను చేసినట్టే పారబోద్దామని ప్యాకెట్టు పట్టుకుని లేచాను. ఈ ఫ్లాటులో పెరడెక్కడిది? చెత్తబుట్టలో వేశాను. అమ్మ గింజలు కనీసం మొలిచాయి.