శనివారం తెల్లవారి కాల్పులు

లియోపోల్డ్‌విల్లో నన్ను అందరికంటే ఎక్కువ హడలగొట్టిన మనిషి ఎవరో చెబితే మీరు నమ్మరు. మీకందరికీ తెలిసినవాడే. మన విడవలూరు టీకొట్టు బెంచీ మీద మీ పక్కన కూర్చుని టీ తాగినవాడే. ఉండండి, తొందరపడబాకండి. పిల్లలకు చెప్పినా పెద్దలకు చెప్పినా నేను వరసన చెప్పేవాణ్ణే గాని, మధ్యలోంచి అందుకునేవాణ్ణి కాదు.

మన మిషన్ వాళ్లకు ఆఫ్రికాలో కూడా బళ్లున్నాయి గదా. అక్కడ ఏడాది పాటు ఉపాధ్యాయ శిక్షణకని ఇక్కడి పంతుళ్లలో ఒకరిని పంపాలనుకున్నారు. అడిగిన ప్రతివాడూ పోనన్నాడు. నేనూ పోననే అన్నాను గాని కొంచెం మెల్లగా అన్నాను. అది వాళ్లకు వినపడలేదు. అట్టా ఇద్దరు బిడ్డల తండ్రిని, నెత్తిన నాలుగు తెల్లవెంట్రుకలు వచ్చినవాణ్ణి, కాంగో దేశపు రాజధాని లియోపోల్డ్‌విల్లో మళ్లీ విద్యార్థినై హాస్టల్లో చేరినాను.

ఊరు మంచి ఊరే. మన పెన్న వరదకు పొంగితే ఎంత వెడల్పుంటుందో, అక్కడి ఏరు ఉత్త రోజుల్లోనే దానికి ఎన్నో రెట్లు. అవతలి ఒడ్డున ఇంకో దేశం రాజధాని కనపడతా ఉంటుంది. కర్రపెండలం పిండి కెలికి మన సంగటి మాదిరి ముద్ద చేసి పెడతారు. బజారులో ఎండుచేపల వరస దగ్గర కళ్లు మూసుకుని నిలబడితే మన బోగోలు సంతలో ఉన్నట్టే. బెంగగా ఉన్నప్పుడు నేను అక్కడికిపోయి, ఏమీ కొనకుండా కాసేపు వాసన చూసి వచ్చేవాణ్ణి.

కాని భయం. ఆ దేశానికి స్వతంత్రం వచ్చి ఎంతో కాలం కాలేదు. ఎవరు ఎవరిమీద తిరగబడతారో తెలీదు. మలుపు మలుపుకీ సైనికుల జీపు. చీకటిపడితే గేటు దాటకూడదు. సైకిలు టైరు పేలినా జనం గోడవారకు ఒదిగిపోయేవాళ్లు. నా ధైర్యం సంగతి మీకు తెలుసు. ఇక్కడ ఇన్‌స్పెక్టరు దొర బడికొస్తేనే నా చేతిలో చాక్‌పీసు నిలవదు. అట్టాంటివాణ్ణి అక్కడ కుక్క మొరిగితే లేచి కూర్చునేవాణ్ణి, మొరక్కపోతే ఎందుకు మొరగలేదా అని లేచి కూర్చునేవాణ్ణి.

నా గదిలో ఇమ్మానుయేలు అని కామెరూన్ దేశపు కుర్రవాడు ఉండేవాడు. కొన్నాళ్లు పోలీసులో పనిచేసి వచ్చినవాడు. తుపాకుల సంగతి తనకు తెలిసినంత ఇంకెవరికీ తెలీదని వాడి నమ్మకం. గేటు దగ్గర ముసలి కాపలాదారు, పాపా సిమోన్. పాపా అంటే అక్కడ నాయన. ఎండలోనైనా ఉన్ని టోపీ తియ్యడు. నన్ను 'మెత్ర్' అని పిలిచేవాడు, మాష్టారూ అన్నట్టు. బజారులో నన్ను ఎవరూ మోసం చెయ్యకుండా నా వెంట వచ్చి, నా బదులు తానే పోట్లాడేవాడు. ఆ ఊళ్లో నాకు దొరికిన చుట్టం ఆయన ఒక్కడే.

నేను మిషన్ బోర్డింగులో పెరిగినవాణ్ణి గదా, నా బట్టలు నేనే ఉతుక్కునే అలవాటు. శనివారం తెల్లవారుజామున హాస్టలు వెనక తొట్టి దగ్గరికి పోయి, ఉతుక్కుని, ఆరేసుకుని, ప్రార్థన వేళకు వచ్చేసేవాణ్ణి. చేరినాక వచ్చిన మొదటి శనివారమే అట్నే తిరిగి వచ్చి చూస్తే గదిలో ఎవరూ లేరు. ఇమ్మానుయేలూ అని పిలిచినాను. వాడు మంచం కిందినుంచి పలికినాడు. తలుపు వేసి వంగమన్నాడు. హాస్టలు వెనక కాల్పులు జరిగినయ్యంట.

వెనకా? నేనిప్పుడు వస్తున్నది వెనకనించే! నేనూ మంచం కింద దూరినాను. నాకేమీ వినపడలేదే అంటే, ఇమ్మానుయేలు నా చెయ్యి పట్టుకుని, గుండు మరీ దగ్గరగా పోతే చప్పుడు తెలీదన్నాడు. ఆ పూటంతా నేను నా ఒళ్లు తడుముకుంటానే ఉన్నాను.

ఈ లోకంలో జాగ్రత్త అనేది ఒకటుంది గదా. తరువాతి శనివారం, కాల్పులు మొదలుకాకముందే పని ముగించుకుందామని ఇంకా ముందుగా లేచినాను. అన్నా, ఆ దుర్మార్గులు కూడా ముందుగానే లేచినారు. నేను తడిబట్టల బకెట్టుతో లోపలికొచ్చేసరికి మళ్లీ అందరూ మంచాల కింద. ఈసారి ఇమ్మానుయేలు లెక్క కూడా కట్టినాడు. నాలుగు దెబ్బలు, కాస్త విరామం, మళ్లీ నాలుగు దెబ్బలంట. ప్రతి దెబ్బకూ ముందు ఒక బుస వినపడిందంట. బుసకొట్టే తుపాకీ తాను ఏ దేశంలోనూ చూడలేదనీ, ఇదేదో కొత్తరకమనీ తేల్చినాడు. నేను నాలుగు రోజులు సరిగా అన్నం తినలేదు. మన బళ్లో పిల్లలకు ఏటేటా చెప్తాను గదా, చప్పుడు విని పరుగెత్తబాకండిరా, అది ఎక్కణ్ణించి వచ్చిందో ముందు చూడండి అని. ఆ పాఠం నెల్లూరు జిల్లాకే గాని కాంగోకు కాదనుకున్నాను కాబోలు.

హాస్టలు నడిపే దొరసానమ్మ అందరినీ పిలిచింది. ఇంకొకసారి ఇట్టా జరిగితే పరదేశపు విద్యార్థులందరినీ ఇళ్లకు పంపించేస్తానన్నది. సైనికులకు కబురు పెట్టింది. వాళ్ల అధికారి వచ్చి గోడా గేటూ చూసినాడు. గోడ మీద గాజుపెంకులు చెక్కుచెదరలేదు. అంటే కాల్చేవాడు గేటులోంచే వస్తున్నాడు. తాళం చెవి పాపా సిమోన్ దగ్గర. ఈసారి కాల్పులు వినపడితే ముందు నిన్ను జీపెక్కిస్తానని ఆయనతో అందరి ముందరా చెప్పినాడు. ఆ రోజుల్లో జీపెక్కినవాడు ఎప్పుడు దిగుతాడో, దిగుతాడో లేదో ఎవరూ చెప్పేవాళ్లు కాదు. పాపా సిమోన్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేనాయన నెత్తి చూడటం అదే మొదలు.

అప్పుడు నేను చేసిన పని చెబుతా, నవ్వబాకండి. పాపా సిమోనును ఒక పక్కకు తీసుకుపోయి, డబ్బాశకు దొంగకు తలుపు తీసిన కాపలావాడి కథ చెప్పినాను. నాకొచ్చిన కొద్ది ఫ్రెంచిలో, నిదానంగా, నీతితో సహా. ఆయన చివరిదాకా విన్నాడు. విని, "మెత్ర్, నాకు ముగ్గురు మనవళ్లు. నేను తలుపు తియ్యలేదు" అని మాత్రం అన్నాడు. నేను తలూపినాను గాని, నిజం చెప్పాలంటే పూర్తిగా నమ్మలేదు.

మూడో శనివారం గేటు బయట సైనికులు కాపలా ఉన్నారు. ఇన్నాళ్లకు నాకు గుండె కుదుటపడింది. ఇంతమంది తుపాకులవాళ్లుండగా ఎవడొస్తాడు? ఇక ధైర్యంగా దుప్పటితో సహా మాసినవన్నీ పట్టుకుపోయినాను. దుప్పటి బరువు గనక కాళ్లతో తొక్కి ఉతికి తీగె మీద వేసి, పంచె అందుకున్నాను. మన పద్ధతి మీకు తెలిసిందే. మన ఊళ్లో, ఈ సముద్రపు పక్క ఉప్పునీళ్లకు సబ్బు నురగ రాదు, బండకేసి బాదితేనే మురికి వదిలేది. చిన్నప్పటినుంచి అదే చెయ్యి. పంచె మడిచి, నీళ్లలో ముంచి, తలమీదుగా తిప్పి నాలుగు వేసినాను. ఇంకో మడత తిప్పి మళ్లీ నాలుగు వేసినాను.

బూట్ల చప్పుడు వినపడింది. అరుపులు. కాల్చేవాడు వచ్చేసినాడు, మనం అయిపోయినాం అనుకుని, పంచెతో సహా దుప్పటి వెనక దూరి కూలబడినాను. దుప్పటి సందులోంచి చూస్తే, అధికారి ముందు పాపా సిమోన్ మోకాళ్ల మీద ఉన్నాడు. చేతులు నెత్తిమీద. ఇద్దరు సైనికులు జబ్బలు పట్టుకుని ఉన్నారు. వాళ్లకు సాక్ష్యం చెప్పడానికి మేడ కిటికీలోంచి ఇమ్మానుయేలు అరుస్తున్నాడు, నాలుగు దెబ్బలు, విరామం, నాలుగు దెబ్బలు, బుసతో సహా అని.

నాలుగు. విరామం. నాలుగు. బుస.

నేను నా చేతిలో పంచె వైపు చూసినాను. అది నీళ్లు కారుస్తా నా వైపు చూసినట్టుంది.

ఆ క్షణం ఎట్టాంటిదో చెప్పలేను అన్నా. ఇన్నాళ్లూ ఎవరికి భయపడి మంచం కింద దూరినానో వాడు నేనే. లేచి చెబుదామంటే, ఒక్క కదలికకు అన్ని తుపాకులూ ఇటు తిరుగుతాయి. ఊరుకుందామంటే ఆయన్ను లేపి జీపువైపు నడిపిస్తున్నారు. నా నోట్లో ప్రార్థన సగంలో ఆగిపోయింది. పాపా సిమోన్ కాలి చెప్పు ఒకటి జారి అక్కడే పడిపోయింది. ఆయన దానికోసం వెనక్కి చూసినాడు. అంతే, నాకు తెలియకుండానే లేచి నిలబడినాను. చేతులు రెండూ పైకెత్తి, పంచె నెత్తిన వేసుకుని, దుప్పటి వెనకనించి బయటికొచ్చినాను. నేర్చుకున్న ఫ్రెంచంతా గాలికి పోయింది.

"అయ్యా, నేనే అయ్యా, ఆయన్ను వదలండయ్యా" అని తెలుగులో అన్నాను.

తుపాకులన్నీ నా వైపు తిరిగినయ్. నేను పంచె చూపించి, బండ చూపించి, ఒకసారి చేసి చూపిస్తానని సైగ చేసినాను. అధికారి తలూపినాడు. పంచె మడిచి, ముంచి, తిప్పి, ఒక్కటి వేసినాను. అటు హాస్టలు గోడా ఇటు ప్రహరీ గోడా, మధ్యలో ఆ బండ. ఎట్టా పేలిందంటే, సైనికులంతా నేలమీద బోర్లా పడినారు. అధికారి తొట్టి చాటుకు పోయినాడు. మేడ మీద కిటికీలన్నీ ఒక్కసారి మూసుకున్నయ్. నిలబడింది నేనూ, నన్ను చూస్తా పాపా సిమోనూ, ఇద్దరమే.

ఆయన నవ్వటం మొదలుపెట్టినాడు. ముందు భుజాలు కదిలినయ్, తరువాత ఉన్ని టోపీ కదిలింది, ఆఖరికి నేలమీద కూర్చుని పొట్ట పట్టుకున్నాడు. అధికారి తొట్టి చాటునుంచి వచ్చి, పంచె లాక్కుని, మడతలన్నీ విప్పి వెదికినాడు. లోపల ఏమీ లేదు. మరి ఆ బుస ఏందని అడిగినాడు. అది నా నోటినించి వచ్చేదేననీ, అది లేకుంటే చెయ్యి పైకి లేవదనీ ఎట్టాగో చెప్పినాను. ఆయన నన్ను కాలినుంచి తల దాకా చూసి, పాపా సిమోన్ జబ్బ తానే పట్టి లేపి, జారిపోయిన చెప్పు తానే తెచ్చి ముందు పెట్టినాడు.

ఆ రాత్రి నేను పాపా సిమోన్ దగ్గరికి పోయి చెప్పవలసిన మాట చెప్పినాను. ఆయన బెంచీ మీద చోటిచ్చి, ఇప్పుడు నేను మీకొక కథ చెబుతానని, బట్టలుతికి ఊరిని భయపెట్టిన మాష్టారి కథ మొదలుపెట్టినాడు. నిదానంగా, నీతితో సహా. నేనూ చివరిదాకా విన్నాను. విననంటానా?

అయిపోయిందనుకున్నారా? తరువాతి శనివారం పొద్దున్నే గేటులోకి జీపు వచ్చి ఆగింది. నేను అలవాటు ప్రకారం మంచం కింద చేరినాను. పాపా సిమోన్ తలుపు తట్టి, మెత్ర్, మీకోసమే వచ్చినారన్నాడు. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని బయటికొస్తే సైనికులు వరసగా నిలబడి ఉన్నారు. ఒక్కొక్కరి చేతిలో ఒక మూట. మాసిన యూనిఫారాలు. నా పంచె తెలుపు చూసి అధికారి ముచ్చటపడినాడంట. ఒకటే షరతు, బాదకూడదు, రుద్దాలి. కూలి సంగతి అడుగుదామని నోరు తెరిచినాను. వాళ్ల భుజాన తుపాకులు అట్నే ఉన్నయ్. కాలర్లు ముందు రుద్దమంటారా, చేతులు ముందు రుద్దమంటారా అని అడిగినాను.